గట్టు వదిన

చెరువు చేరగానే అందరూ నీళ్ళవైపు చూస్తారు. ఆమె నీడ ఎటుందో చూస్తుంది. పొయ్యికి గాలి తగలని చోటు కావాలి. సామాను దించడానికి చీమలు లేని చోటు కావాలి. తడిబట్టలు ఆరేయడానికి కాస్త కిందికి వంగిన కొమ్మ ఉండాలి. అవి దొరికితే ఆమె లెక్కలో అది మంచి చెరువు.

ఆమె భర్త ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రి. వారమంతా గ్రీజులో ఉంటాడు, సెలవు రోజు నీళ్ళలో ఉంటాడు. పాడైన ట్యూబులకు అతుకులేసి, వాటిమీద చెక్కలు కట్టి తెప్పలు చేశాడు. అంతకు ముందునుంచే ఓ పాత పడవ ఉంది. చుట్టుపక్కల ఉన్న చెరువులూ కుంటలూ ఒక్కటి వదలకుండా చూసి రావాలని అతని పట్టుదల. తమ్ముడు, షెడ్డులో పనిచేసేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు వ్యాను నిండా ఎక్కుతారు. ఈత కొట్టేవాళ్ళు కొడతారు, గాలం వేసేవాళ్ళు వేస్తారు, మిగిలినవాళ్ళు తెప్పలమీద అవతలి ఒడ్డుకు పోటీ పెట్టుకుంటారు.

గట్టుమీద మాత్రం ఒక మనిషి ఉండితీరాలి. అది వాళ్ళ కట్టుబాటు. తాళాలు, చెప్పులు, ఫోన్లు చూసుకోవాలి. వంట కావాలి. ఎవరైనా మునిగేలా ఉంటే కేకెయ్యాలి. ఆ మనిషి ఎప్పుడూ ఆమే. ఎందుకంటే ఆమెకు నీళ్ళంటే భయం. ఇది అందరికీ తెలిసిన సంగతి. షెడ్డువాళ్ళు ఆమెను గట్టు వదిన అంటారు. ప్రేమగానే అంటారు.

అలాగని ఆమె ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. గట్టుమీద ఆమెకు బాగానే ఉంటుంది. గాలి ఉంటుంది, పిట్టలుంటాయి, అత్తగారి పిలుపు ఉండదు. కాకపోతే ముందురోజు కూరలు తరిగేది ఆమె, గిన్నెలు సర్దేది ఆమె, తిరిగొచ్చాక బురద తువ్వాళ్ళు ఉతికేది ఆమె. లైఫ్ జాకెట్లన్నీ కడిగి నీడన ఆరబెడుతుంది. ఏది ఎవరిదో, ఎవరి పట్టీ ఎక్కడ తెగిందో చెయ్యి పెట్టి చెప్పగలదు. వాటిలో ఆమెది లేదు. ఒకసారి అడిగింది కూడా. "ఎక్కనిదానివి, జాకెట్టేం చేసుకుంటావు?" అని భర్త నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నడుం నొప్పిగా ఉందంటే, "తెడ్డేసేది మేము, నీకేం, నీడన కూర్చుంటావు" అన్నాడు. అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, "మా కాలంలో మమ్మల్ని వీధి చివరిదాకా తీసుకెళ్ళినవాడు లేడు, దీనికి వారం వారం షికార్లు" అంది. అదీ నిజమే కదా అని ఆమె ఊరుకుంది. ఊరుకోవడం తేలిక. గిన్నె మూత పెట్టినట్టు ఉంటుంది.

ఈ వారం ఇంతకు ముందు చూడని చెరువుకు వచ్చారు. చాలా పెద్దది. నడిమధ్య ఒత్తుగా తుంగ పెరిగింది, దాని వెనక ఇంకా నీళ్ళున్నాయని ఎవరో చెప్పారట. మేస్త్రికి కాలు నిలవడం లేదు. పడవ దించాడు, తెప్పలు దించారు.

తోడికోడలు మాత్రం వ్యాను నీడ దాటి రాలేదు. పెళ్ళయి ఏడాది కాలేదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే పడవమీంచి తలకిందులుగా దూకి అందరినీ హడలగొట్టిన పిల్ల. అలాంటిది ఇవాళ మొహం పీక్కుపోయి పొయ్యి దగ్గర కూలబడింది. బాణలిలో నూనె కాగగానే లేచి వ్యాను వెనక్కి పరుగెత్తింది. ఆమె నీళ్ళచెంబు తీసుకుని వెనకాలే వెళ్ళి వీపు రాసింది. అడగకుండానే తెలిసింది.

"ఇంకా మూడో నెల కూడా నిండలేదక్కా. అప్పుడే బయటపెట్టొద్దన్నారు అత్తయ్య," అంది ఆ పిల్ల మూతి తుడుచుకుంటూ.

ఇద్దరూ మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చారు. అప్పటికి తెప్పమీదెక్కిన షెడ్డువాళ్ళలో ఒకడు, చిన్న వదిన రాదేమని అడిగాడు. మరిది తడబడ్డాడు. అన్నవైపు చూశాడు. తర్వాత నవ్వేసి, "దానికి నీళ్ళంటే భయం పట్టుకుంది" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. గట్టు వదినకు తోడు దొరికిందిలే అన్నారెవరో.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

ఈ మాట ఆమె విన్నదే. ఇలాగే, చెరువు ఒడ్డునే. కొత్తగా పెళ్ళయిన రోజులు. ఆ పాత పడవ ఎక్కి కాస్త దూరం పోగానే కడుపులో తిప్పేసింది. గట్టుకు తీసుకొచ్చి దించారు. ఏమైందని అందరూ అడుగుతుంటే, అత్తగారు అప్పుడే చెప్పొద్దంది కాబట్టి, "మా ఆవిడకు నీళ్ళంటే భయం" అన్నాడు భర్త. అని, ఎవరూ చూడకుండా ఆమెకేసి కన్ను గీటాడు. ఆ రోజు ఆమెకు ఎంత ముచ్చటేసిందో. గుట్టు కాపాడిన మొగుడు దొరికాడనుకుంది. తర్వాత కొడుకు పుట్టాడు, పాలు, జ్వరాలు, బడి. కొడుకు పెద్దవాడై ఉద్యోగంలో కూడా చేరాడు. అన్న మాటను మాత్రం ఎవరూ తీసెయ్యలేదు. అది ఉత్తమాటని ఆమే మరిచిపోయింది. ఎప్పుడైనా మోకాలి లోతు నీళ్ళలో దిగితే కాళ్ళు వణికేవి. అయితే నిజమే కాబోలు, నాకు భయమే కాబోలు అనుకునేది. ఒక పూట అవసరానికి అన్న అబద్ధం తన ఒంట్లోకి ఎప్పుడు దిగిందో ఆమెకు తెలియదు.

పక్కకు చూసింది. తోడికోడలు మొగుడికేసి చూసి నవ్వుతోంది. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు.

పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళ అంచుదాకా నడిచింది.

"ఏమయ్యా," అంది మరిదితో, "ఆ మాట తీసెయ్యి."

"ఏ మాట వదినా?"

"భయమన్న మాట. ఒంట్లో బాగాలేదని చెప్పు. అదైతే నాలుగు రోజులకు బాగవుతుంది. భయమని చెప్పావంటే ఇక జన్మకు బాగవదు."

ఊరికే తమాషాకన్నాడు, నీకెందుకంత పట్టింపు అన్నాడు మేస్త్రి పడవలోంచి.

"మీరూ తమాషాకే అన్నారు," అంది ఆమె.

మేస్త్రికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. మరిది తెప్పమీదివాళ్ళవైపు తిరిగి, దానికి ఒంట్లో బాగాలేదు, భయం లేదూ గియం లేదు, ఈతలో మనందరినీ మించిపోతుంది అన్నాడు. షెడ్డువాడు ఆ సంగతి మాకు తెలీదా అన్నాడు.

నేనూ పడవెక్కుతానంది ఆమె. తోడికోడలు తన జాకెట్టు తెచ్చిచ్చింది. ఆమెకది బిగుతు. పట్టీ పూర్తిగా వదులుచేసి ఇద్దరూ గుంజితే కొక్కెం పడింది. వంట సగంలో ఉందక్కా అని ఆ పిల్ల గొణిగితే, ఉండనీ, ఆ వాసన నీకు పడదు, నీడన పడుకో అంది.

మేస్త్రి ఒడ్డుకు తెచ్చిన పడవలో అడుగు పెట్టగానే కాళ్ళు వణికాయి. వణకనీ అనుకుంది. అంచు పట్టుకుని కూర్చుంది. మేస్త్రి తెడ్డు వేశాడు.

గట్టు వెనక్కి పోయింది. గిన్నెలు, చెప్పుల కుప్ప, వ్యాను అన్నీ చిన్నవయ్యాయి. పచ్చని నీళ్ళమీద ఎండ ముక్కలుగా పడి ఉంది. చెయ్యి ముంచితే పైన వెచ్చగా, మణికట్టు దాటాక చల్లగా తగిలింది. నీళ్ళలో అలా రెండు రకాలుంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడుగున నాచు జుట్టు ఆరబోసుకున్నట్టు ఊగుతోంది. ఆమెకు నవ్వొచ్చింది. కారణమేమీ లేదు. అలా కారణం లేకుండా నవ్వి చాలా రోజులైంది.

"అమ్మ చెప్పొద్దంది కదా, అందుకని అప్పుడట్లా..." అన్నాడు భర్త, ఆమెవైపు చూడకుండా.

"తెలుసు. పిల్లాడు పుట్టాకైనా చెప్పాల్సింది."

పడవ తుంగ దగ్గరికి వచ్చింది. తుంగలోంచి సన్నటి నీటిదారి ఒకటి లోపలికి పోతోంది. చివర ఏముందో కనబడటం లేదు. అతను గట్టుకేసి చూసి, పొద్దెక్కిపోయింది, లోపలికి పోతే ఆలస్యమవుతుంది, అందరూ ఆకలిమీదుంటారు, వంట ఎవరు చేస్తారని అడిగాడు.

"ఎవరికి ముందు ఆకలైతే వాళ్ళు," అంది ఆమె. పడవలో అడుగున పడి ఉన్న రెండో తెడ్డు తీసుకుంది. "ఇది ఎలా పట్టుకోవాలి?"

చూపించాడు. మొదటిసారి వేస్తే పడవ గుండ్రంగా తిరిగింది. రెండోసారి ముక్కు తుంగలో గుచ్చుకుంది, పిట్టలు లేచిపోయాయి. మూడోసారి నీళ్ళు తెడ్డుకు దొరికాయి, పడవ ఆ నీటిదారిలోకి వెళ్ళింది.