చిల్లే నా పరువు

నేను ఒక మట్టికుండీని. ముక్కలైపోయాక కూడా అలాగే చెప్పుకుంటున్నాను, ఏం చేయను, అలవాటు. నేనింకా పచ్చిగా ఉన్నప్పుడే కుమ్మరి నా అడుగున బొటనవేలు గుచ్చి చిల్లు పెట్టాడు. చిల్లికుండ అంటే మనుషులకు వెటకారం. నాకు మాత్రం ఆ చిల్లే పరువు. వచ్చిన నీళ్ళు పోయే దారి ఉంటేనే నాలో వేరు బతుకుతుంది.

కాకినాడలో ఒక మేడమీద వాటాకు నన్ను తెచ్చుకున్నది మృదుల. నాలో తమలపాకు తీగ నాటి, హాలు కిటికీ బయటి గట్టుమీద పెట్టి, ఊచలకు పాకించింది. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్తూ నన్ను భర్త ఫణీంద్రకు అప్పగించింది.

"బిడ్డను ఇంటికి తెచ్చినరోజు పేరంటాళ్ళకి మనింటి ఆకే ఇవ్వాలండీ. జాగ్రత్త!"

ఆమె సరదాగానే అంది. అతను మాత్రం దాన్ని మనసుకు పట్టించుకున్నాడు. తీగ బాగుంటే మృదుల బాగుంటుంది. తీగకేమైనా అయితే? ఆపైన ఆలోచించడానికే భయపడేవాడు.

పాపం, కొత్తిమీరకూ పుదీనాకూ తేడా తెలియని మనిషి. ఆఫీసులో ఒకరు బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యమన్నారు, ఇంకొకరు పుల్లమజ్జిగ అన్నారు, ఫోనులో ఎవరో టీపొడి అన్నారు. ఎవరి మాటా కాదనలేక అన్నీ పోశాడు. ఆ మడ్డంతా నా చిల్లులోంచి కిందికి కారింది. కింద వాటాలో ఉండే ఇంటావిడ సుబ్బలక్ష్మిగారు అక్కడే వాకిట్లో వడియాలు పెట్టుకున్నారు.

"ఏం బాబూ, మా వడియాలకి మీ బురదతో తిరగమోతా?" అని కేకేశారావిడ.

అతను సిగ్గుతో చచ్చిపోయి, తెల్లసిమెంటు తెచ్చి నా చిల్లు మూసేశాడు. నోరుంటే వీధంతా వినబడేలా అరిచేదాన్ని.

నీళ్ళు లోపలే నిలిచిపోయాయి. ఆకులు పసుపెక్కాయి. దాహమేమోనని ఇంకా పోశాడు. వీడియో కాల్లో మృదులకు పచ్చటి కొస చూపించి, మిగతాది చేత్తో కప్పేవాడు. కాడ మొదలు నల్లబడింది. కుళ్ళినంతమేరా కోసి పారెయ్యమన్నారు సుబ్బలక్ష్మిగారు. కాని కడుపుతో ఉన్న మనిషి భర్త గడ్డం గీసుకోకూడదు, చెట్టు కొట్టకూడదు అని ఫణీంద్ర వాళ్ళమ్మ మరీ మరీ చెప్పి ఉంది. అతను కత్తెర తీసేవాడు, మళ్ళీ సొరుగులో పెట్టేసేవాడు. గడ్డం పెరుగుతోంది, తీగ చస్తోంది. నాకైతే వాడి చెవి మెలిపెట్టాలనిపించేది.

ఒక ఉదయం కంపు గుప్పుమంది. అప్పుడు తట్టింది అతనికి, నీళ్ళు పోయే దారి తానే మూశానని. నన్ను కిందికి దించి, స్క్రూడ్రైవరు పెట్టి సిమెంటు మీద ఒక్కటిచ్చాడు. సిమెంటు రాలేదు. నేను నిలువునా పగిలాను.

ఇంట్లో కుండ పగలడమంటే ఎంత అపశకునమో మీకు చెప్పక్కర్లేదు. అతని ముఖంలో నెత్తురు లేదు. సరిగ్గా అప్పుడే మృదుల ఫోను.

"ఏవండీ, బిడ్డ అడ్డం తిరిగిందట. మధ్యాహ్నమే ఆపరేషన్ చేస్తారట. వెంటనే బయల్దేరండి. తీగ ఎలా ఉంది?"

అతను భోరుమన్నాడు. సిమెంటు, కుళ్ళు, వాళ్ళమ్మ మాట, పగిలిన కుండ, అంతా చెప్పేశాడు.

"బిడ్డ బతకాలని ఇక్కడ నన్నే కోస్తున్నారండీ. మీరు తీగ కొయ్యలేరా? పచ్చగా ఉన్న కణుపులు కోసి నీళ్ళలో పెట్టి రండి."

సొరుగులోంచి కత్తెర తీసి కోశాడు. గ్లాసులో పెట్టి, సుబ్బలక్ష్మిగారికి ఇచ్చి, బస్టాండుకు పరిగెత్తాడు. నేను తాళం వేసిన ఇంట్లో పెంకులై పడి ఉన్నాను. నా వల్లే ఏదైనా అయిందని అంటారేమోనని ఎంత భయపడ్డానో!

పురుడు వెళ్ళాక తాళం తెరుచుకుంది. అతని గడ్డం నున్నగా ఉంది.

"ఆడపిల్లండీ! తల్లీ పిల్లా బాగున్నారు," అని మెట్లమీంచే సుబ్బలక్ష్మిగారికి చెబుతున్నాడు. వేర్లు పోసుకున్న కణుపుల్ని ఆవిడ గ్లాసుతో సహా పట్టుకొచ్చారు. అతను కొత్త కుండీ తెచ్చి, ముందు దాని చిల్లులో వేలు పెట్టి చూసుకున్నాడు. మట్టి జారిపోకుండా నా పెంకొకటి దానిమీద బోర్లించాడు. అడుగున పళ్ళెం కూడా పెట్టాడు.

ఇప్పుడు నా బతుకు ఆ చీకట్లోనే. నీళ్ళు నన్ను ఒరుసుకుంటూ పోతుంటే ప్రాణం లేచొస్తుంది. మొన్న బిడ్డ ఇంటికొచ్చింది. పేరంటానికి ఆకులు బజారునుంచే తెచ్చారు. తీగకు అప్పటికి ఒకే ఒక కొత్త ఆకు వచ్చింది. శాస్త్రానికి అదొక్కటైనా కోద్దామని మృదుల చెయ్యి చాపింది.

"వద్దు మృదులా," అన్నాడు ఫణీంద్ర, పిల్లను భుజాన వేసుకుని. "దాన్నింక కొయ్యొద్దు."