పై గది కిటికీ

సోఫాలమీద కప్పిన తెల్ల దుప్పట్లను ఎఫీ ఒక్కొక్కటే తీసి, కిటికీలోంచి దులిపి మడత పెడుతోంది. శీతాకాలమంతా మూసి ఉన్న ఇల్లు కలరా ఉండల వాసన వేస్తోంది. దులిపిన ప్రతిసారీ దుమ్ము ఎటు పోతోందో చూసి గానీ ఆమె మరో దుప్పటి అందుకోదు.

టెలిఫోన్ కనిపెట్టిన పెద్దాయన సరస్సు పక్క కొండమీద కట్టించుకున్న వేసవి విడిది అది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. వేసవి రాగానే మనవలు వాషింగ్టన్ నుంచి దిగుతారు. ఈలోగా ఇల్లు సిద్ధం చేయడం ఎఫీ పని. పొట్టి మనిషి. కుడి చూపుడువేలి కొస సూదిపోట్లతో కాయకాసింది. పెళ్లి చేసుకోలేదు.

ఆ వేలు అలా అయింది పడుచు వయసులోనే. పెద్దాయన ఎగరేసే గాలిపటాలకు ఎర్రపట్టు ముక్కలు కుట్టేందుకు సరస్సు అవతల బడెక్ అనే ఊరి ఆడపిల్లల్ని పనిలో పెట్టుకున్నారు. ఒక్కో పటం గదంత ఉండేది. తక్కినవాళ్లు కుట్టేసి ఇంటికి పోతే, ఎఫీ పటం వెంట మైదానానికి పోయేది. ఓనాడు తాడు పట్టుకున్నవాళ్లలో మర్డాక్ అనే కుర్రాడు తుమ్మి చెయ్యి వదిలితే, ఆ చోటు తను అందుకుంది. గాలి ఒక్క ఊపున లేచింది. అందరూ తాడు వదిలేశారు, ఆమె వదల్లేదు. కొట్టం కప్పుదాకా లేచి గడ్డివామి మీద పడింది. విరిగిన మడమ సరిగ్గా అతకలేదు.

"పైనుంచి ఏం కనబడిందే?" అని ఊరంతా అడిగింది.

"కొట్టం పక్కింటి పొగగొట్టం లోపల. ఎంత నల్లగా ఉందో."

ఊరు నవ్వింది. మర్డాక్ మాత్రం ఆమె కుంటడం చూసినప్పుడల్లా తల దించుకునేవాడు. "నువ్వు తుమ్మకపోతే నాకు పొగగొట్టం దొరికేదా?" అనేది ఎఫీ. అతనిప్పుడు ఈ విడిదిలోనే తోటమాలి, భార్య పోయినవాడు.

"మర్డాక్, ఈసారీ సరస్సుమీద మంచు ముందు ఆ ఒడ్డునే విడిపోయిందెందుకు?" అని కిటికీలోంచి కేకేసింది.

"నాకు చిక్కుళ్లు నాటే పనుంది. మంచునే అడగాల్సింది."

"కరగకముందే అడిగాను. నీకన్నా నయం, కాస్త కదిలింది."

మధ్యాహ్నం ఇద్దరూ వెనక మెట్లమీద కూర్చుని ఓట్స్ రొట్టె, ఉప్పుచేప తిన్నారు. ఎఫీ చేతులు ముందుకు చాపి చూసుకుంది.

"ఎడమది తిమ్మిరెక్కింది. కుడిది ఎక్కలేదు. ఎందుకంటావ్?"

"ముసలితనం."

"రెండు చేతులకీ వయసొకటే కదా."

మర్డాక్ నమలడం ఆపాడు. "పద, పడవ తీస్తా. డాక్టరుకి చూపిద్దాం."

"పై గదొక్కటే మిగిలింది. రేపు పోదాంలే."

అతను మళ్లీ అడిగాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

ఎండ వాలేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. మేడమీద అడుగుల చప్పుడు ఆగి చాలాసేపైందని తోచి, మర్డాక్ టీ పట్టుకుని పైకి వెళ్లాడు. ఎఫీ కిటికీ ఎదుట కుర్చీలో ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, ముఖంలో నొప్పి లేదు. చెయ్యి ముట్టుకున్నాడు. కుడి, ఎడమ రెండూ చల్లగా ఉన్నాయి.

ఆమె కళ్లు మూసి, పక్కనే నేలమీద కూలబడ్డాడు. తలెత్తితే, ఆమె దేన్ని చూస్తూ పోయిందో కనబడింది. పైకీ కిందికీ జరిగే ఆ కిటికీ అద్దాలను పైన జానెడు, కింద జానెడు తెరిచి, రెండు చోట్లా బూడిదరంగు ఊలుదారం ముక్క కట్టింది.

"ఇదేంటి ఎఫీ, ఇలా ఎందుకు?" అన్నాడు మర్డాక్, జీవితంలో మొదటిసారి.

చెట్లమీద ఆకు కదలడం లేదు. గదిలోని వెచ్చటి గాలితో పై దారం సరస్సు వైపు బయటికి సాగి ఊగుతోంది, బయటి చల్లగాలితో కింది దారం గదిలోకి, ఆమె ఒడి వైపుకి.