బీరువాలో బల్బు

పోర్ట్‌బ్లెయిర్‌లో కాపురం పెట్టినవాళ్లు బీరువాతో పాటు అందులోకి ఒక బల్బు కూడా కొనుక్కుంటారు. ఏడాదిలో సగానికి పైగా వాన, మిగతాది ఉప్పుగాలి. పట్టుచీర మడత విప్పితే బూజు, తోలు చెప్పు తీస్తే బూజు, పదో తరగతి సర్టిఫికెట్ మీదా బూజే. అందుకని బీరువాలో బల్బు వేలాడదీసి, తలుపు సందులోంచి వైరు బయటికి లాగి, రాత్రీ పగలూ వెలిగించి ఉంచుతారు. ఆ వెచ్చదనానికి చెమ్మ దరి చేరదు. ఎల్‌ఈడీ దీనికి పనికిరాదు, అది వేడెక్కదు. పాతకాలపు పసుపు బల్బే కావాలి. దానికోసం అబర్డీన్ బజారంతా కాళ్లరిగేలా తిరిగే ఆడవాళ్లలో బతు బస్తీలో ఉండే రత్నాన్ని మించినవాళ్లు లేరు.

కూతురు లహరి జ్వరంతో పోయాక రత్నం తన చీరలన్నీ తీసి ట్రంకుపెట్టెలో కుక్కేసింది. బీరువా మొత్తం పిల్లకే. చున్నీలు, కాలేజీ కార్డు, సగం వాడిన కాటుక. బల్బుకి దాదాపు ఆనించినట్టు లాప్‌టాప్. అది ఖరీదైన వస్తువని కాదు, అందులో పిల్ల గొంతు ఉందని.

లహరికి జెట్టీలో ఓడల అనౌన్సర్ కావాలని పిచ్చి. లాప్‌టాప్ ముందు కూర్చుని హిందీలో, ఇంగ్లీషులో, తెలుగులో "యాత్రికులకు మనవి" అంటూ రికార్డు చేసుకునేది. తల్లిని ప్యాసింజరుగా నిలబెట్టేది. రత్నం కూడా తక్కువదేం కాదు. "ఓలమ్మా, నా బంకు మంచం కింద నీళ్లొచ్చేత్తన్నాయి, నీ ఓడ మునిగిపోతందేటి?" అని అడిగేది. అనౌన్సరు నవ్వాపుకోలేక రికార్డింగు పాడైపోయేది. అలా పాడైనవి కూడా దాచుకుందా పిల్ల. నెట్టు నత్తనడక నడిచే ఊరు కాబట్టి ఎక్కడికీ పంపుకోలేదు. ఫోనేమో ఆసుపత్రి హడావుడిలో పోయింది. ఇంట్లో ఫొటోలకేం, గోడ నిండా ఉన్నాయి. గొంతు మాత్రం ఆ లాప్‌టాప్‌లోనే ఉంది.

విని తట్టుకోలేమని రెండేళ్లు తెరవలేదు. రంగుల కాంట్రాక్టు చేసుకునే ఆవిడ మొగుడు తాతబ్బాయి ఆ బీరువా వైపు చూడ్డమే మానేశాడు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ రత్నం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏటండీ, పిల్ల గొంతు నాకు అందట్లేదు. గుర్తు చేసుకుందారంటే ఎవరెవరి గొంతులో వత్తన్నాయి. ఇంక ఇనీవలసిందే."

తీరా మీట నొక్కితే తెర వెలగలేదు. బీప్, బీప్ అని అరిచింది, అంతే.

లాప్‌టాప్‌ని చీరకొంగులో చుట్టుకుని రత్నం, వెనక తాతబ్బాయి, డెలానీపూర్‌లో గోపీనాథ్ కంప్యూటర్ రిపేరు కొట్టుకి వెళ్లారు. గోపీనాథ్ తాతలది శ్రీకాకుళం వైపు. కుర్రాడు తెలుగు మాట్లాడతాడు గానీ మాటకి ముందూ వెనకా హిందీ తగిలించందే వాక్యం కదలదు.

"చెమ్మ పట్టిందా ఆంటీ?" అన్నాడు.

రత్నానికి ఎక్కడలేని రోషం వచ్చింది. "మా బీరువాలో చెమ్మా? బల్బు పక్కనే ఎట్టినాను బాబూ. రెండేళ్లూ నేనైతే ఆపలేదు. సంటిపిల్లని కాసినట్టు కాసినాను."

గోపీనాథ్ మూత మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాడు. అక్కడ ప్లాస్టిక్కు గుండ్రంగా గోధుమరంగుకి తిరిగి ఉంది. అడుగుభాగం విప్పి, ఉబ్బిపోయిన బ్యాటరీని తీసి పక్కన పెట్టాడు. ర్యామ్ అనే మెమరీ కార్డు ఊడదీసి, బడిపిల్లల రబ్బరుతో దాని పళ్లు రుద్దాడు.

"యే ర్యామ్ కా ఖేల్ హై అంకుల్, అంతా దీని ఆటే. బీప్ అందుకే. పెద్ద బీమారీ కాదు."

కార్డు మళ్లీ బిగించి, చార్జర్ పెట్టి మీట నొక్కితే బీప్ రాలేదు. తెర వెలిగింది. దాని మీద లహరి అన్న పేరు కనిపించేసరికి రత్నం మొగుడి జబ్బ పట్టుకుంది. పెళ్లయిన కొత్తలో ఓడెక్కినప్పుడు కూడా ఆవిడ అంత గట్టిగా పట్టుకోలేదు.

ఆ తర్వాత తెర కదల్లేదు. లోపల్నుంచి టిక్కు టిక్కు అని బల్లి అరిచినట్టు చప్పుడు మొదలైంది. గోపీనాథ్ గబుక్కున ఆపేసి, హార్డ్ డిస్క్ ఊడదీసి తన కంప్యూటర్‌కి తగిలించాడు. ఫోల్డర్లు కనిపించాయి. వాటిలో ఒకదాని పేరు 'అమ్మ ప్యాసింజర్'.

"అదే, అదే! తియ్యి బాబూ!"

కాపీ పెట్టాడు. ఆకుపచ్చ గీత కొంచెం జరిగి ఆగింది. టిక్కు టిక్కు. ఫోల్డరు మాయమైంది. తీసి, చల్లారనిచ్చి, మళ్లీ పెట్టాడు. ఈసారి అసలు డిస్కే కనిపించలేదు. ఇంకో కేబుల్ మార్చి చూడబోయిన చెయ్యిని తనే వెనక్కి తీసుకున్నాడు. "ఇంక తిప్పితే ఉన్నదీ పోతుంది. చెన్నైలో దీన్ని విప్పి లోపలున్నది తీసేవాళ్లున్నారు, పంపిస్తాను."

డిస్కు చెన్నై వెళ్లింది. ఆ రోజులన్నీ రత్నం మొక్కని దేవుడు లేడు. గుళ్లో మొక్కింది, దర్గా దగ్గర మొక్కింది, చర్చి ముందు ఆటో ఆపించి మరీ మొక్కింది. ఏ దేవుడి చేతిలో ఏ పని ఉందో తెలియనప్పుడు అందరికీ చెప్పుకోవడమే మంచిదని ఆవిడ లెక్క.

డిస్కు వెనక్కొచ్చిందని కబురొస్తే తాతబ్బాయి ఒక్కడే వెళ్లాడు. గోపీనాథ్ స్టూలు జరిపి కూర్చోమన్నాడు. అప్పుడే తెలిసిపోయింది.

"లోపల రేకు మొత్తం గీసుకుపోయిందట అంకుల్. కుఛ్ నహీ బచా, ఏమీ మిగల్లేదు."

"చెమ్మా?"

గోపీనాథ్ తలొంచుకున్నాడు. "వేడి. బల్బు పక్కనే రెండేళ్లు ఉడికిపోయింది. ఊరికే అల్మారాలో పడేసినా బతికేదేమో." లాప్‌టాప్ చేతిలో పెడుతూ, "ఆంటీకి చెప్పకండి," అన్నాడు.

తాతబ్బాయి లాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు. మిన్నీ బే మలుపులో సముద్రం కనిపించింది. దాన్ని చూస్తే ఒళ్లు మండింది. ఈ ఊళ్లో తుప్పుకీ బూజుకీ చివాట్లన్నీ నీకే కదా, ఈ ఒక్కటీ కూడా నీదే అయ్యుంటే నీ సొమ్మేం పోయేది అని లోపల్లోపల తిట్టుకున్నాడు. సరే, నీ మీదే వేస్తాను అనుకున్నాడు.

రత్నం గుమ్మంలోనే ఉంది. ఆయన మొహం చూసి లాప్‌టాప్ అందుకుని గుండెకి ఆనించుకుంది.

"చెమ్మ పట్టేసిందట రత్నం. ఉప్పుగాలి," అన్నాడు.

ఆవిడ నెమ్మదిగా తలెత్తింది.

"చెమ్మ ఎలా పడతాది? నేను బల్బు ఆపలేదు." గొంతు పైకి లేచింది. "మీరు ఆపినారు! నిరుడు మీ మేనకోడలి పెళ్లికి వైజాగ్ ఎల్లినప్పుడు, కొంప అంటుకుంటాదని ఆపీసినారు. వొద్దండీ వొద్దండీ అని కాళ్లా యేళ్లా పడ్డాను. పిల్ల గొంతు మీరే చంపీసినారు!"

ఆపిన మాట నిజమే. ఆ పెళ్లిరోజుల్లోనే ఆ డిస్కు కాస్త చల్లగా ఊపిరి పీల్చుకుని ఉంటుంది. మాట నోటిదాకా వచ్చింది. రెండేళ్లుగా బల్బు మాడిపోయిందేమోనని రోజూ తలుపు సందులోంచి తొంగిచూసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఆయన ఆ మాట మింగేశాడు.

"అవును. నేనే ఆపాను," అన్నాడు.

రత్నం ఆయన రొమ్ము మీద కొట్టింది. కొట్టనిచ్చాడు. అలిసిపోయి నేల మీద కూలబడి, గొంతు పూడుకుపోయేదాకా ఏడ్చింది. తర్వాత కొంగుతో లాప్‌టాప్‌ని తుడిచి, బీరువా తెరిచి, ఎప్పటి చోట్లోనే బల్బుకి ఆనించి పెట్టి స్విచ్చి వేసింది. తలుపు సందులోంచి పసుప్పచ్చటి వెలుగు నేల మీద గీతలా పడింది.

"ఇంకెప్పుడూ ఆపకండి," అంది, ఆయన వైపు చూడకుండా.

"ఆపను," అన్నాడు తాతబ్బాయి.