విన్నవాళ్ళ వేలిముద్రలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతటికీ తెలుసు. కానీ ఈసారి నా కోపంలో న్యాయం ఉంది. పాలకుర్తి పక్క ఊళ్ళో నేను చూసుకునే చిన్న గ్రంథాలయానికి రోజూ పాతికమంది వస్తారు. రిజిస్టరులో సంతకాలు మాత్రం రెండో మూడో.

అది చూసిన పై అధికారి ఫోన్ చేశారు. "నస్రీన్, ఇద్దరి కోసం గ్రంథాలయమా? మంగళవారం వస్త. గిట్లనే ఉంటే పుస్తకాలు జనగామకు పంపుడే."

మా దగ్గర పేపరు చదివేది భద్రయ్య బాపు. తొమ్మిదింటికి ఆయన గొంతెత్తితే చుట్టూ ఇరవైమంది చేరతారు. పత్తి ధర, దవాఖాన క్యాంపు, ఉద్యోగ ప్రకటన, ఏదీ వదలడు. కట్టమ్మవ్వ కంటి ఆపరేషన్, రషీదా బేగం కూతురి అంగన్‌వాడీ ఉద్యోగం అలా విన్న కబుర్లతో వచ్చినవే.

"మరి మీరెందుకు సంతకం పెడ్తలేరు?" అని అరిచాను.

"మేం సదువలే గద బిడ్డా, ఇన్నం," అంది కట్టమ్మవ్వ. "సదివినోళ్ళ బుక్కుల నా ఏలిముద్ర ఏస్తే అబద్ధమైతది."

యా అల్లా! వీళ్ళ నిజాయితీ చల్లగుండ! సిగ్గు విడిచి, "పాత పేజీలల్ల జాగ ఉన్నది, జర ముద్రలేయుండ్రి," అన్నాను.

"నిన్నటి దినానికి ఇయ్యాల ఏస్తరా? గదీ అబద్ధమే," అంది అవ్వ.

ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి ఏడ్చాను కూడా. నేను పోటీ పరీక్షకు చదువుకున్నది ఈ గ్రంథాలయం బెంచీ మీదే.

మంగళవారం సారు వచ్చేసరికి జనం నిండుగా ఉన్నారు, చడీచప్పుడూ లేదు. భద్రయ్య బాపు గొంతు పట్టేసింది. పేపరు మడిచినట్టే ఉంది; సారు వస్తారని లెక్కలు సర్దే హడావిడిలో నేనూ ముట్టలేదు.

సారును చూసి కట్టమ్మవ్వ జరిగి చోటిచ్చింది. "సారూ, మీకు సదువొచ్చు గద. జర సదువుండ్రి. ఇయ్యాల పత్తి ధర తెల్వక పరేషాన్ అయితున్నం."

ఆయన మొహమాటంగా మొదలుపెట్టి, ముప్పావుగంట చదివారు. మధ్యలో వినేవాళ్ళు రెండుసార్లు మళ్ళీ చదవమన్నారు కూడా.

అయ్యాక అవ్వ రిజిస్టరు ముందుకు తోసింది. "సంతకం పెట్టుండ్రి. సదివింది మీరే."

సారు పెట్టారు. తర్వాత స్కేలు అడిగి, పక్కన నిలువుగా ఓ గీత గీశారు. పైన 'విన్నవారు' అని రాసి, ఇంకుప్యాడు అవ్వ వైపు జరిపారు.

"గిది నిజమే," అంటూ ఆమె వేలు అద్దింది.