మొద్దు కత్తెర

ప్రయోగశాలలో అందరూ అక్కకి పెట్టిన పేరు గ్లౌజుల తల్లి. ఆర్‌ఎన్‌ఏ అనేది మహా సుకుమారం. వేలి చెమట తగిలితే చాలు, ముక్కచెక్కలైపోతుంది. అందుకని గ్లౌజు లేని చెయ్యి ట్యూబుల దరిదాపులకి వస్తే అక్క ఏమీ అనదు, ఊరికే చూస్తుంది. ఆ చూపుకి పెద్దసారంతటివాడు కూడా ఓసారి చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

అక్క తయారుచేసేది రైబోజైమ్. అదీ ఆర్‌ఎన్‌ఏనే, కాకపోతే కోసే గుణమున్నది. వైరస్ నకళ్లు తీసుకోవడానికి వాడుకునే ఆర్‌ఎన్‌ఏ పోగుని వెతికి పట్టుకుని, సరిగ్గా ఒక్కచోట తెంపేస్తుంది. దానికి కత్తెర అని పేరు పెట్టింది తమ్ముడు. వాడు దర్జీ, వేరే పేరు పెట్టమన్నా పెట్టలేడు. పైగా ఆ వైరస్ కాపురముంటున్నది వాడి కాలేయంలోనే.

"నా కత్తెరకి సాన పట్టావా అక్కా?" అని సాయంత్రం అక్క ఇల్లు చేరగానే కింది వాటాలోంచి కేకేసేవాడు.

"పడుతున్నాన్రా. నువ్వు ముందు ఆ ఎదురింటావిడ జాకెట్టు ఇచ్చెయ్. కుట్టేలోపు ఆవిడ రెండు సైజులు పెరిగేట్టుంది."

ప్రయోగశాల గిన్నెల్లో పెంచిన కాలేయ కణాల్లో కత్తెర వైరస్‌ని మూడొంతులు తగ్గించింది. ఆ ఫలితాన్ని సైన్సు పత్రికకి పంపితే, పరిశీలించినాయన ఒక్క ప్రశ్న వేశాడు: ఇదే కత్తెర ఆర్‌ఎన్‌ఏ వరుసలో ఒక్క అక్షరం మార్చి మొద్దు చేసి, దాంతో పోల్చారా? పోల్చలేదు. వేరే వైరస్ కోసం చేసిన కత్తెరతో పోల్చారు, అది ఏమీ చెయ్యలేదు, అందరూ సంతోషించారు. పదును తీసేసిన కత్తెర కొయ్యదని ఎవరైనా పనిగట్టుకుని చూస్తారా?

అక్క చూసింది. ఆ ఉదయం తెరమీద, వైరస్ ఎంత మిగిలిందో చూపే గీతలు రెండు లేచాయి, పదునుదానిదొకటి, మొద్దుదానిదొకటి. రెండూ ఒకే ఎత్తున, కవలపిల్లల్లా నిలబడ్డాయి.

అక్క కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచిందో తెలియక మళ్లీ కూర్చుంది.

పెద్దసారు వచ్చి తెరకి దగ్గరగా వంగాడు. "ట్యూబులు మారిపోయుంటాయమ్మా."

"అక్షరాలు చదివించి చూశాను సార్. మారలేదు. ఉత్త ట్యూబులో పదునుది కోసింది, మొద్దుది కొయ్యలేదు. కణంలోకి వెళ్తే మాత్రం రెండూ ఒకటే."

"మరి వైరస్ ఎలా తగ్గినట్టు?"

"పోగుకి అతుక్కుని కూర్చుంటున్నాయి సార్. దారికడ్డం. కోత జరుగుతోందన్నది మనం అనుకున్నమాట."

పెద్దసారు కళ్లజోడు తీశాడు. తుడవడం మరిచిపోయి అలాగే పట్టుకున్నాడు. "ఈ ఒక్క బొమ్మా పక్కన పెట్టి పంపితే..." అంటూ తెర వైపు చెయ్యి చాపాడు.

అక్క చూసింది. చెయ్యి జేబులోకి వెళ్లిపోయింది.

"సరే, ఉన్నదున్నట్టు రాయి," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు మిషను ముందున్నాడు. అక్క గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, సంగతంతా చెప్పింది. వాడు పెడలు ఆపి విన్నాడు.

"అంటే నీ కత్తెర మా బావలాంటిదన్నమాట. ఏ పనీ చెయ్యడు గాని, గుమ్మానికడ్డంగా నిలబడితే ఎవరూ లోపలికి రాలేరు."

"నవ్వకురా. మందు దాకా రావడానికి ఏళ్లు పడుతుందనుకున్నాం. ఇప్పుడు ఎన్నేళ్లో చెప్పలేను. అసలు వస్తుందో రాదో కూడా చెప్పలేను."

వాడి మొహంలో నవ్వు అలాగే ఉంది గాని, వెనకాల దీపం ఆర్పేసినట్టయింది. టేపు తీసి మెళ్లో వేసుకున్నాడు, మళ్లీ తీశాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ టేపుతో నీ మెడ ఎందుకు కొలుచుకుంటున్నావ్?"

వాడు గుండీల డబ్బా మూత తీసి అక్క ముందుకి తోశాడు. గుండీల మధ్య వాడి మాత్రల అట్టలు, ఒక్క మాత్రా తియ్యకుండా, మెరుస్తూ ఉన్నాయి.

"పోయిన నెల నుంచి మానేశాను. ఈ మాత్రలు వైరస్‌ని చంపవు, అణిచి ఉంచుతాయంతే, జన్మంతా మింగాలన్నాడు డాక్టరు. నువ్వేమో కోసి పారేస్తానన్నావు. మరి రెండూ ఎందుకని..."

పొద్దున్న తెరమీద చూసింది ఎంత, ఇదెంత. వాడిచేత మాత్రలు మాన్పించింది ఏ వైరసూ కాదు. తను ఇంటికి మోసుకొచ్చిన కబుర్లు. సాన పడుతున్నానురా అంటూ తను వేసిన జోకులు. మాత్రలు ఆపేస్తే అణిగిన వైరస్ ఎలా పైకి లేస్తుందో, కాలేయాన్ని ఎలా కుళ్లబొడుస్తుందో ఆ ఇంట్లో తెలిసిన మనిషి తనొక్కతే. ఆ మనిషికి అడగాలని తోచలేదు. వాడు మింగుతున్నాడనే అనుకుంది, మొద్దు కత్తెర కొయ్యదని అనుకున్నట్టే.

డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వెంటనే మాత్ర వెయ్యమని, పొద్దున్నే రక్తం ఇవ్వడానికి రమ్మని చెప్పి, "కళ్లు పచ్చబడ్డాయా?" అని నెమ్మదిగా అడిగాడు.

అక్క తమ్ముడి మొహాన్ని దీపం కిందకి తిప్పి కళ్లలోకి చూసింది. తెల్లగానే ఉన్నాయి. ఈసారి ఉన్నాయిలే అనుకుని ఊరుకోలేదు, మళ్లీ చూసింది.

"ఈ మాత్ర కూడా కొయ్యదురా," అంది నీళ్లగ్లాసు అందిస్తూ. "నకలు తీసుకునేచోట అడ్డం నిలబడుతుందంతే. కాకపోతే రోజూ నిలబడాలి."

"బావలాగే."

"మీ బావ లాగే. మింగు."

మర్నాడు పొద్దున్న రక్తం తీసే గదిలో తమ్ముడు చొక్కా చెయ్యి మడిచాడు. సూది చూసి మొహం తిప్పుకుని, "అక్కా, వైరస్ ఎక్కువుంటే?" అన్నాడు. పొద్దుట్నుంచీ వాడు జోకు లేకుండా మాట్లాడిన మాట అదొక్కటే.

అక్క గ్లౌజు లేని చేత్తో వాడి రెండో చెయ్యి పట్టుకుంది. చెమట పట్టి ఉంది, ఎవరిదో తెలియలేదు. ట్యూబు నిండేదాకా వదల్లేదు.