ఎరువుల దుకాణం పిల్ల అరచెయ్యి

బోధన్ బస్టాండు వెనక సందులో పోశన్న ఎరువుల దుకాణం షట్టరు లేచే వేళకే మెట్ల మీద రైతులు చేతులు చంకల్లో దాచుకుని కూర్చుని ఉంటారు. చలికి కాదు, సిగ్గుకు. పంటకు లోటొచ్చిన చెయ్యిని పదిమందిలో చూపించుకోవడం ఎవరికి మాత్రం బాగుంటుంది?

ఆకు తెంపుకొచ్చి చూపించే అలవాటు ఈ దిక్కున లేదు. ఎవరు ఏ పంటను నాది అనుకుంటారో, ఆ పంటకు తక్కువైందేమిటో వాళ్ళ అరచేతిలో తేలుతుంది. మణికట్టు వైపు ముదురాకులు, వేలి కొసల వైపు లేతాకులు. వరికి జింకు తక్కువైతే చేతి నిండా తుప్పు చుక్కలు. పసుపుకు పొటాష్ తక్కువైతే అరచేతి అంచులు బీడీ ఆకులా ఎండిపోతాయి. చెరుకు యూరియా అడిగితే మణికట్టు నుంచి పచ్చదనం వెలిసిపోతూ వస్తుంది. పోశన్న "చెయ్యి సాపు" అంటాడు, ఒక్క చూపు చూస్తాడు, "సంజనా, ఆ ఎర్ర బస్తాల నించి" అంటాడు. పోశన్న చెప్పాడంటే చెప్పినట్టే. వ్యవసాయ ఆఫీసు వాళ్ళు కూడా తెలియని చెయ్యి ఎదురైతే పోశన్న దగ్గరికే పంపిస్తారు.

తరాజు దగ్గర కూర్చునే ఆయన కూతురు సంజనకు ఆ చేతులన్నీ చూసీ చూసీ గుండెలో ఏదో తీపి దిగులు. ఎడపల్లి వసంతమ్మకు పెండ్లయి మూడేండ్లు గడిచినా మొగుడి చెరుకు చేతికెక్కలేదు. ఎక్కిన రోజు ఆమె అత్త వాడంతా చక్కెర పంచింది. సంజన అరచెయ్యి మాత్రం పుట్టినప్పటి నుంచీ ఖాళీ. తండ్రికి గుంట భూమి లేదు, ఆయన చెయ్యీ ఖాళీయే. ఇంటరు సగంలో ఆపేసి దుకాణంలో కూర్చున్నప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆ చెయ్యిని ఎండకు పెట్టి చూసుకునేది. ఎవరిదో ఒక పచ్చదనం ఒకనాటికి అందులోకి వస్తుందని ఆమె నమ్మకం.

మల్లికార్జున్ వచ్చింది మిట్టమధ్యాహ్నం. ఎడపల్లి నుంచి బోధన్‌కు ఆటో నడుపుతాడు. ఊరివాళ్ళ బస్తాల కోసం అప్పుడప్పుడు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా తరాజు ముల్లు కుదురుకున్నా సంజన కళ్ళు కుదురుకునేవి కావు.

"మీ బాపు లేడా?"

"బువ్వకు పోయిండు. ఏం గావాలె?"

"ఆయన లేడనే వచ్చిన."

కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది. సందు అటూ ఇటూ చూసి మెల్లగా బయటికి తీశాడు. మణికట్టు వైపంతా పసుపు, కానీ గీతలు మాత్రం పచ్చగా ఉన్నాయి. వేలి కొసలు మాడి, కాకి గోళ్ళలా లోపలికి వంగి ఉన్నాయి. అరచేతి అంచు పొడుగునా సన్నని రంపపు పండ్లు. ఇన్ని వేల చేతులు చూసింది, ఇలాంటిది చూడలేదు.

"ఇదేం పంట?"

"పుంటికూర."

"పుంటికూర చెయ్యి నాకెరుక లేదనుకున్నవా? మా గల్లీల ముసలమ్మలందరికీ గదే ఉంటది. నిజం చెప్పు."

అతను తల దించుకున్నాడు. "అవ్వ కోసం."

తల్లి గంగుబాయి వయసంతా చెరుకు కోతలకు పోయింది. ఇప్పుడు తుంటి ఎముకలో గడ్డ. పెద్ద దవాఖాన వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గోళీలు వేస్తే కడుపులో నిలవవు. రెంజల్ అవతల, మహారాష్ట్ర సరిహద్దు దగ్గర, ఎవరో ముసలాయన ఇచ్చిన గింజలను అతను స్నానాల గది వెనక నూనె డబ్బాల్లో వేశాడు. గంజాయి. లేతాకు నూరి పాలల్లో కలిపి ఇస్తే ఆమెకు కన్ను మూతపడుతుంది. అది ఏ ఆకో ఆమెకు తెలియదు, కొడుకు తెచ్చిన మందు అనుకుంటుంది. ఇప్పుడు ఆ చెట్లే పాడవుతున్నాయి.

"ఆబ్కారీ రవీందర్ సార్ ఊరూరికి తిరుగుతుండు," అన్నాడు. "చెయ్యి దొరికితేనే ఇల్లు సోదా చెయ్యాలె, గది కాయిదా. ఈ చెయ్యి పట్టుకున్నడంటే నేను జైలుకే. అవ్వ ఒక్కతే మంచంల."

సంజన ఆ చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. భయంతో చల్లగా ఉంది. ఆ సమయంలో ఏమేమో అనాలని ఉన్నా నోటికి వచ్చింది దుకాణం మాటే.

"యూరియా ఎంత పోసినవ్?"

"గుప్పెడు. చెరుకుకు పోసినట్లే."

"డబ్బాల పెరిగేదానికి గుప్పెడా! కొసలు గందుకే మాడినయ్. ఎక్కువైంది, తక్కువ గాలే."

"మరి ఈ పసుపు?"

"గది వేరే. యూరియా తక్కువైతే గీతలతో సహా అంత పసుపైతది. ఇక్కడ గీత పచ్చగుంది, నడుమల పసుపుంది. ముదురాకుల నించి షురువైంది. మెగ్నీషియం లేదు. వేలి కొసల పసుపు మొదలైతే ఇనుము అనేదాన్ని." అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "మొదలు డబ్బా అడుగు నించి కారేదాక మంచినీళ్ళు పొయ్యి, మళ్ళ పొయ్యి. మన్నుల యూరియా కడుక్కపోవాలె. మన్ను ఆరినంక మెగ్నీషియం చెంచడు బకెట్ల కలిపి ఇయ్యి. మాడిన కొస మళ్ళ పచ్చగ గాదు, దాని మీద ఆశ పెట్టుకోకు. కొత్తగొచ్చే ఆకు సూడు."

అంతలో సందు మొదట్లో పోశన్న చెప్పుల చప్పుడు. మల్లికార్జున్ చెయ్యి జేబులోకి పోయింది. ప్యాకెట్టు తీసుకోకుండానే ఆటో కదిలింది.

ఆ రాత్రి సంజనకు అన్నం సయించలేదు. తెల్లవారి గల్లీ చివరి మెహరున్నిసా దాది ఇంటికి పుదీనా మడికి మందు ఇచ్చి వస్తానని చెప్పి ఎడపల్లి బస్సెక్కింది.

ఆమె వెళ్ళేసరికి మల్లికార్జున్ గడ్డపార పట్టుకుని నూనె డబ్బాల ముందు నిలబడి ఉన్నాడు. చెట్లు నడుము ఎత్తున్నాయి. కింది ఆకులు పసుపు తిరిగి వేలాడుతున్నాయి. పైన మాత్రం లేతాకు ఇంకా బతుకు మీద ఆశతో ఆకాశం చూస్తోంది.

"పీకేస్త," అన్నాడు. "నిన్న రెంజల్‌ల ఒకన్ని చెయ్యి పట్టుకొని జీపెక్కించిన్రంట. రేపు నా ఒంతు. నాకొద్దు ఇవి. నావి గావు."

"మరి అవ్వ?"

"నేను లోపలికి పోతే ఆమెకు మంచినీళ్ళెవలు తాపుతరు? నువ్వే చెప్పు!"

అప్పుడు లోపలి నుంచి గంగుబాయి అరిచింది. అది మనిషి గొంతులా లేదు. గోడ అవతలి కోళ్ళు ఒక్కసారిగా చెదిరిపోయాయి. సంజన లోపలికి పరుగెత్తింది.

"ఎవలు బిడ్డా నువ్వు?" నొప్పి కాస్త సర్దుకున్నాక ముసలామె అడిగింది.

"ఎరువుల దుకాణం పోశన్న బిడ్డను అవ్వా."

"ఏదీ, చెయ్యి సూడనీ. ఖాళీగుంది. మంచిదే. నా చేతుల చెరుకు తప్ప ఏం సూడలే నేను. గది సుత మందిది." నవ్వబోయి పండ్లు బిగబట్టింది. "మావోడు మందిస్తలేడు బిడ్డా, రెండొద్దులైంది. ఏమన్న కోపమొచ్చిందా వానికి? జర అడుగరాదు."

సంజన బయటికి వచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు. గడ్డపార లాక్కుని గోడకు ఆనించింది.

"నీవి గావన్నవ్ గదా?"

"గావు. నిజంగనే గావు. నా మనసు ఇరిగిపోయింది."

"అయితే నావి. ముట్టకు."

సంజన కొంగు బిగించి మంచినీళ్ళ బిందె మీద బిందె పోసింది. డబ్బాల అడుగు నుంచి నీళ్ళు మొదట నల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి తేటగా కారాయి. ఒక్కో మొక్క మొదట్లో వేళ్ళు పెట్టి మన్ను వదులు చేసింది. మాడిన ఆకును గిల్లి పడేసింది. మన్ను ఆరినంక ఇవ్వమని, దుకాణం నుంచి తెచ్చిన మెగ్నీషియం ప్యాకెట్టు గట్టు మీద పెట్టింది. పై నుంచి రెండు లేతాకులు తెంపి, నూరి, పాలల్లో కలిపి గంగుబాయికి తాగించింది. ముసలామె నిద్రపోయేదాకా పక్కనే కూర్చుంది.

మర్నాడు పొద్దున లేచి చూసుకుంటే కుడి అరచేతిలో వచ్చేసింది. మణికట్టు వైపు పసుపు, నడుమ పచ్చని గీతలు, మాడిన వేలి కొసలు, అంచున సన్నని రంపపు పండ్లు. ఇన్నేండ్లు ఎదురుచూసిన చెయ్యి! సంబురంతో ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే బుగులు పట్టుకుంది. ఈ చెయ్యి బాపు చూస్తే ఒక్క చూపులో పంట చెబుతాడు, ఇంకో చూపులో మనిషిని చెబుతాడు. పాత లుంగీ గుడ్డ చించి కట్టు కట్టుకుంది.

"ఏమైంది?" అన్నాడు పోశన్న.

"బస్తా కోస్తుంటే బ్లేడు తగిలింది బాపు."

"సూసుకొని కొయ్యవా? ఎటో సూస్తవ్, ఎటో కోస్తవ్."

ఎండ మెట్లు దాటకముందే దుకాణం ముందు జీపు ఆగింది. రవీందర్ సార్ దిగాడు. ఆయన వెనక ఇద్దరు జవాన్ల నడుమ మల్లికార్జున్. మెట్ల మీది రైతులంతా లేచి గోడకు అంటుకున్నారు.

"పోశన్నా, వీని చెయ్యి సూడు. వీళ్ళ ఇంటెనక గబ్బు వాసనొస్తుందని ఫిర్యాదొచ్చింది. నాలుగు రోజుల నించి జేబుల నించి చెయ్యి తీస్తలేడంట."

"చెయ్యి సాపు," అన్నాడు పోశన్న.

మల్లికార్జున్ కళ్ళు మూసుకుని చాపాడు. సంజన తరాజు గొలుసు పట్టుకుంది. పోశన్న ఆ చెయ్యిని వెలుతురుకు తిప్పాడు, వంచాడు, బొటనవేలితో మణికట్టు రుద్దాడు.

"ఈ చేతుల పంటే లేదు సార్. అద్దమోలే ఉంది."

మల్లికార్జున్ కళ్ళు తెరిచి తన చెయ్యిని తానే వింతగా చూసుకున్నాడు. తర్వాత అతని చూపు సంజన కట్టు మీద పడింది. పడగానే తిప్పుకున్నాడు, కానీ ఆలస్యమైంది. రవీందర్ సార్ ఆ చూపు వెంటే తల తిప్పాడు.

"ఆ కట్టేంది?"

"బ్లేడు తగిలింది సార్," అంది సంజన.

"ఇప్పు."

సందులో ఎక్కడో అరటిపండ్ల బండి వాడు అరుస్తున్నాడు. పోశన్న తరాజు దాటి వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు.

"నేను ఇప్పుత సార్. నా బిడ్డ."

తన వెడల్పాటి వీపు సార్ వైపు పెట్టి, గుడ్డ ఒక్కో చుట్టు విప్పాడు. చివరి చుట్టు దగ్గర ఆయన వేళ్ళు ఆగాయి. సంజన తండ్రి మొహం చూసింది. ఆ కళ్ళు మొదట అరచేతిని చదివాయి, తర్వాత ఆమె మొహాన్ని చదివాయి. చేతుల గురించి పోశన్న అబద్ధం చెప్పగా ఈ తాలూకాలో విన్నవాళ్ళు లేరు.

ఆయన గుడ్డను మళ్ళీ మెల్లగా చుట్టాడు. ముడి వేశాడు.

"గాయమే సార్. లోతుగనే కోసుకుంది."

పోశన్న మాట కదా, రవీందర్ సార్ ఇంకో మాట అడగలేదు. ఆయన వెనక్కి తిరుగుతుంటే పోశన్నే చెయ్యి పట్టుకుని ఆపాడు. "సార్, మీ ఇంట్ల కల్యామాకు చెట్టు పసుపైతున్నట్లుంది. వేలి కొసలు సూడున్రి. ఇనుము తక్కువైంది."

"మా ఇంటామెది," అని సార్ సిగ్గుపడ్డాడు. "అయినా నా చేతికెందుకొచ్చిందో."

మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. సార్ పోశన్న ఇచ్చిన ఇనుము ప్యాకెట్టు జేబులో పెట్టుకుని జీపెక్కాడు. మల్లికార్జున్‌ను అక్కడే వదిలేశారు.

రైతులను మళ్ళీ రమ్మని పంపేసి పోశన్న షట్టరు సగం దించాడు. కట్టు విప్పి కూతురి చెయ్యి చాలాసేపు చూశాడు. సంజన చెంపదెబ్బకు సిద్ధపడి నిలబడింది.

"గింత యూరియా ఎవడు పోసిండు?" అన్నాడు చివరికి. "ఈ వేలి కొసలు సూడు! నువ్వు కడిగే ఉంటవ్, కడిగినంక సుత ఇట్లుందంటే ముందెట్లుండెనో. ఏ గాడిద పోసిండు?"

షట్టరు కింద నుంచి మల్లికార్జున్ గొంతు. "నేనే, మామా."

"మామ అంటవ్‌రా? చెరుకు అనుకున్నవా? లోపటికి రా." అతను వంగి లోపలికి వచ్చాడు. పోశన్న అతన్ని కింది నుంచి మీదికి చూశాడు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు తరాజు రాళ్ళు సర్దాడు.

"మీ అవ్వ సంగతి ఊరోళ్ళు చెప్పిన్రు. పండుకుంటుందా?"

"నిన్న పండుకుంది. సంజన ఇచ్చినంక."

పోశన్న మెగ్నీషియం డబ్బాలోంచి ఇంత తీసి పొట్లం కట్టాడు. కట్టేటప్పుడు కుడిచెయ్యి దురద పెట్టినట్టు పంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. అప్పుడు చెయ్యి తిప్పి చూసుకుని ఉన్నచోటే ఆగిపోయాడు. సంజన తొంగి చూసింది. ఆ ముసలి అరచేతిలో, మణికట్టు పక్కన, గోరంత పసుపు. దాని నడుమ సన్నని పచ్చగీత.

"బాపు..."

"ఏం లేదు." ఆయన పిడికిలి మూసి, పొట్లం కూతురి చేతికిచ్చాడు. "పోయి పోసి రాండ్రి. మన్ను ఆరిందో లేదో వేలు పెట్టి సూసి పొయ్యున్రి. ఆరకుంటే కూసోండ్రి కాసేపు, తొందరేం లేదు."

పోశన్న సిగ్గుతో మూసిన పిడికిలి చంకలో దాచుకుని, మెట్ల మీద రైతులు కూర్చునే చోట కూర్చున్నాడు.