దిబ్బ కడుపులో చోటు

తమిత్ మొగుడు పెన్నుబు శవం దొరకలేదు. వరద పొంగే రోజుల్లో అవతలి ఒడ్డున చెల్లెలి ఇంటికి వెళ్లి వస్తుంటే పడవ తిరగబడింది. మిగతా నలుగురూ ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. అతన్ని మాత్రం నైలు ఎక్కడికి తీసుకుపోయిందో ఎవరికీ తెలియదు.

రాజుల సమాధులు తొలిచే మా ఊళ్లో ప్రతివాడూ బతికుండగానే తన గది తాను తొలుచుకుంటాడు. పెన్నుబు కూడా కొండవాలున తొలుచుకున్నాడు. ఇప్పుడు అందులో పడుకోబెట్టడానికి మనిషి లేడు. శవాన్ని పదిలపరిచి పూడ్చడానికి పట్టే ఆ డెబ్బై రోజులూ తమిత్ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత మొగుడి చిన్ననాటి స్నేహితుడు, చిత్రకారుడు ఖావి ఇంటికి వెళ్లి, ఆ గది గోడ మీద దేవుడు ఒసిరిస్ సమాధి దిబ్బ బొమ్మ వెయ్యమని అడిగింది. ఒసిరిస్‌నూ నదే మింగింది. అయినా చచ్చినవాళ్లకు రాజయ్యాడు. ఆయన దిబ్బ కింద తన మొగుడికీ ఇంత చోటు దొరక్కపోదని ఆమె ఆశ.

ఖావి తండ్రి నేర్పినట్టే వేశాడు. గుండ్రటి దిబ్బకు పసుపు రంగు, ఇసుకకు గుర్తుగా ఎర్ర చుక్కలు, పైన ఒక చెట్టు, కొమ్మ మీద కొంగ. దేవుడు పడుకునే చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఐదో రోజున తమిత్ వచ్చి, దీపం ఎత్తి చాలాసేపు చూసింది.

“ఇది మన ఇళ్ల వెనక గుట్టే కదన్నా,” అంది చివరికి. “ఇసుకలో చెట్టెట్లా మొలిచింది?”

ఖావికి చురుక్కుమంది. “మా తాతల నాటి నుంచీ ఇట్లాగే వేస్తున్నాం. దేవుడి సమాధి ఎట్లుంటుందో నువ్వు నాకు నేర్పుతావా?”

“నేనేం నేర్పుతాను? వరద తీసేటప్పుడు నువ్వెప్పుడన్నా పొలంలో నిలబడ్డావా?”

నిలబడలేదు. ఊరికి నీళ్లూ గింజలూ గాడిదల మీద వస్తాయి. వరదను అతను కొండ మీద నుంచి చూసినవాడే. తమిత్ రైతు బిడ్డ. నీళ్లు తగ్గి మొదటి దిబ్బ తేలగానే పిల్లలందరూ దాని మీదికి పరుగెత్తేవాళ్లమనీ, కింద దేవుడు పడుకున్నాడు దిగండర్రా అని నాయనమ్మ తిట్టేదనీ చెప్పింది.

అప్పటికి నీళ్లు తీస్తున్నాయి. ఇద్దరూ పొద్దున్నే దిగువకు వెళ్లి కాలువ గట్టు మీద కూర్చున్నారు. మొదటి రోజు ఏమీ తేలలేదు. రెండో రోజూ అంతే.

“మీ దేవుడు ఇంకా నిద్ర లేచినట్టు లేదు,” అన్నాడు ఖావి.

“నీ బాపతేమో, మధ్యాహ్నం దాకా లేవడు,” అంది తమిత్. ఆ డెబ్బై రోజుల తర్వాత ఆమె మొహాన నవ్వు కనిపించడం అదే మొదలు.

మూడో రోజు ఎండెక్కాక నీళ్ల మధ్యన ఎద్దు వీపంత మట్టి దిబ్బ నల్లగా, తడితడిగా పైకి వచ్చింది. ఎక్కడి నుంచో కొంగ ఒకటి వచ్చి దాని మీద వాలింది. చెట్టు మీద కొంగను ఇన్నేళ్లూ అందం కోసమే అనుకుని వేశాడు ఖావి. తమిత్ గట్టు దిగి, మోకాళ్ల లోతు బురదలో నడిచి, ఆ మట్టి మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆమె ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది.

మర్నాడు పసుపంతా గీకేశాడు. అంచున ఎర్ర చుక్కల ఇసుకను సన్నటి చారగా ఉంచి లోపలంతా నలుపు పూశాడు. చెట్టు వేళ్లను అందులోకి దింపాడు. పద్ధతి తప్పావేమని సమాధుల పని చూసే మేస్త్రీ అడిగితే, చెట్టు బతకాలి కదా అన్నాడు. దిబ్బ కడుపులో దేవుణ్ణి నల్లటి మొహంతో పడుకోబెట్టి, పక్కన పేరు రాసి తమిత్‌ను పిలిపించాడు.

ఆమెకు చదువు రాదు. ఖావి ఆమె వేలు పట్టుకుని అక్షరాల మీదుగా నడిపించాడు. “ఇది ఒసిరిస్. ఇది పెన్నుబు.”

“మధ్యలో ఎడం లేదా?”

“లేదమ్మా. చచ్చినవాడి పేరు అట్లాగే రాస్తాం, దేవుడి పేరుతో కలిపి.”

తమిత్ ఈసారి అతని సాయం లేకుండా, ఆ గీతల మీద తనే వేలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్లింది.